మూడో లెక్క దగ్గర

పోటీ పరీక్షల వల్ల పిల్లలకు కలిగే మేలు గురించి హెడ్మాస్టరు మైకు ముందు చెప్పడం మొదలుపెట్టేసరికి ఎండ సరిగ్గా బి సెక్షన్ వరసల మీదికి వచ్చింది. ఏ సెక్షన్ వాళ్ళు గోడ నీడలో ఉన్నారు. అలా నిలబడమని ఎవరూ చెప్పింది లేదు. మొదటినుంచీ అదే వరస, అంతే.

"భయం పోతుంది. బుర్రకి పదునొస్తుంది," అన్నాడు హెడ్మాస్టరు, మాటకో వేలు మడుస్తూ. "మన బలమెంతో, లోపమేంటో మనకే తెలుస్తుంది. టైము విలువ తెలుస్తుంది. ఓడినా మళ్ళీ లేచి నిలబడ్డం అలవాటవుతుంది. అందుకని పిల్లలూ, మీలో ప్రతి ఒక్కరూ పోటీకి సిద్ధంగా ఉండాలి!"

అందరూ చప్పట్లు కొట్టారు. బి సెక్షన్ వాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు, తొందరగా అయిపోతే నీడకి పోవచ్చని.

తర్వాత సైన్సు మాస్టారు మైకు అందుకున్నాడు. ఆయన్ని స్కూలంతా కప్పుల మాస్టారు అంటారు. హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువా నిండా ఉన్న కప్పులు ఆయన గెలిపించినవే. వాటిని ఇంకెవర్నీ తుడవనివ్వడు, తనే మెత్తటి గుడ్డ తెచ్చుకుని తుడుస్తాడు. శనివారం జరగబోయే లెక్కల పోటీకి వెళ్ళేవాళ్ళ పేర్లు ఆయన చదువుతుంటే, పిలిచిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఆ గోడ నీడలోంచే బయటికి వచ్చారు. ఎండలోంచి ఒక్కరూ కదల్లేదు.

బి సెక్షన్ వరస పక్కన నిలబడ్డ లెక్కల టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. చున్నీ అంచు గుప్పిట్లో నలిపేస్తోంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"టీచర్, ఆ మేలంతా మనక్కూడానా?"

అడిగింది గొణుగుడు పిల్ల. లెక్క చేసేటప్పుడు పెదాలు ఆడకపోతే ఆ పిల్లకి చెయ్యి ఆడదు. అందుకే తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. వెక్కిరింపుగా మొదలైన పేరు వాడగా వాడగా ముద్దుపేరైపోయింది.

"సార్ ప్రతి ఒక్కరూ అన్నారు కదా," అంది మళ్ళీ.

"నోర్మూసుకుని నిలబడు," అంది టీచరు.

అనేశాక నాలుక కరుచుకుంది. ఎవరి మీద కోపం ఎవరి మీద చూపించింది!

స్టాఫు రూములో కప్పుల మాస్టారు టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. టీచరు వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మాస్టారూ, మా సెక్షన్‌లో ఒక్కరి పేరూ లేదేం?"

"దేనికమ్మా? పరుగు పందెమా? దానికి ఎప్పుడూ మీవాళ్ళేగా."

"లెక్కల పోటీకి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. చెడ్డవాడేం కాదు. స్కూలు అయిపోయాక కూడా పిల్లల్ని కూర్చోబెట్టుకుని గొంతు చించుకునే మనిషి. "చూడమ్మా, స్కూలు కప్పు సగటు మీద ఇస్తారు. మనం పంపిన పిల్లలందరి మార్కులూ కలిపి సగటు తీస్తారు. అందరూ బాగా రాసి ఒక్కరు సున్నా తెచ్చారనుకో, కుండెడు పాలలో ఉప్పుకల్లు వేసినట్టే. నీ పిల్లల్ని తక్కువ చేసి మాట్లాడ్డం లేదు. లెక్క నీకు నేను చెప్పాలా?"

లెక్క ఆమెకి బాగానే తెలుసు. తెలుసు గనకే మింగుడుపడలేదు. ప్రతి ఏడూ వాళ్ళే వెళ్తారు, వెళ్తారు గనక వాళ్ళకి అలవాటవుతుంది, అలవాటైంది గనక మళ్ళీ వాళ్ళే వెళ్తారు. ఈ గానుగలో ఎటునుంచి దూరాలో ఆమెకి అర్థం కావడం లేదు.

దారి మధ్యాహ్నం దానంతటదే దొరికింది. పోటీకి వెళ్ళాల్సిన ఏ సెక్షన్ కుర్రాడికి గవదబిళ్ళలు లేచాయనీ, వారం దాకా మంచం దిగడనీ కబురొచ్చింది. పేరు పంపేశాక కుర్చీ ఖాళీగా ఉంటే అదీ సున్నాయే. వాడి బదులు వెళ్ళగలిగిన ఇద్దరు ఏ సెక్షన్ పిల్లల్లో ఒకడికి ఊరు ప్రయాణం, ఇంకొకడి తల్లి ససేమిరా అంది. హెడ్మాస్టరు టీచర్ని పిలిపించాడు.

"పొద్దున నేను మాట్లాడుతుంటే నన్ను మింగేసేలా చూశావేంటమ్మా?"

"లేదు సార్."

"చూశావులే. నా పెళ్ళాం కూడా ఇలాగే చూస్తుంది, నాకు అలవాటే." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒక సీటు ఉంది. మీ సెక్షన్ నుంచి ఒక్కళ్ళని పంపు. మన సగటు కన్నా పైన తెచ్చుకుంటే వచ్చే ఏడాది నుంచి సగం సీట్లు మీవాళ్ళకి. తెచ్చుకోలేదా, నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తకూడదు. సరేనా?"

"సరే సార్."

ఒప్పుకున్నాక గాని ఆమెకి తెలిసిరాలేదు, తను పణం పెట్టింది తనది కాదని.

ఎవర్ని పంపాలో క్లాసులో ఆమె అడగనే అక్కర్లేకపోయింది. విషయం చెప్పగానే తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

"గొణుగుడే టీచర్, ఇంకెవరు?"

"పరీక్ష హాల్లో గొణిగితే బయటికి తోసేస్తారేమో?" అంది ముందు బెంచీ పిల్ల.

"ఏం పర్లేదు, మంత్రాలు చదువుతోందనుకుని భయపడి పోతారు," అన్నాడు చివరి బెంచీవాడు. క్లాసంతా గొల్లుమంది. గొణుగుడు మాత్రం నవ్వలేదు. బోర్డు మూల గీతల పెట్టెలో ఉన్న లెక్క వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది.

ఆ పెట్టె లెక్క ఆ క్లాసులో టీచరు పెట్టిన పద్ధతి. పొద్దున్నే బోర్డు మూల ఒక లెక్క రాసి చుట్టూ గీత గీస్తుంది. చివరి బెంచీ దాకా అందరికీ వచ్చేవరకూ అది చెరపడానికి లేదు, ఇంకో లెక్క మొదలుపెట్టడానికి లేదు. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళి రానివాళ్ళ పక్కన కూర్చోవాలి. ఒక్కోసారి మూడు రోజులు ఒకే లెక్క ఉండిపోతుంది. సిలబస్సు ఎప్పుడు అవుతుందమ్మా అని హెడ్మాస్టరు గొణిగినా ఆమె ఆ పద్ధతి మానలేదు. ఆ క్లాసులోని పిల్లలు ఏళ్ళ తరబడి 'నీకు రాదులే, ముందుకి పద' అనిపించుకున్నవాళ్ళు. వాళ్ళని ఎక్కడా వదిలెయ్యకూడదని ఆమె పట్టుదల.

సాయంత్రం టీచరు గొణుగుడు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయనది రోడ్డు పక్కన పంక్చర్ల షాపు. గాలి నింపిన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"కూర్చోండి మేడమ్," అని స్టూలు మీద గుడ్డతో దులిపాడు. "మా అమ్మాయి ఏమైనా చేసిందా?"

టీచరు పోటీ సంగతి చెప్పింది. శనివారం ఆ పిల్ల షాపులో కూర్చునే రోజు, ఆయన సరుకుకి వెళ్తాడు. అందుకని అడగాల్సి వచ్చింది.

"రాస్తే ఏమొస్తుంది మేడమ్?"

ఆమె నోట్లోంచి హెడ్మాస్టరు మాటలే ఊడిపడ్డాయి. భయం పోతుందంది. పదునొస్తుందంది. "తన స్థాయేంటో తనకి తెలుస్తుంది," అంది చివర.

ఆయన ట్యూబు తిప్పుతూ నవ్వాడు. "స్థాయి మాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది మేడమ్. దానికి పరీక్ష ఎందుకు?"

ఆమె చదువుకున్న మాటలు పక్కన పెట్టింది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పింది. "అది బాగా రాస్తే వచ్చే ఏడాది మా క్లాసు పిల్లలు ఇంకొందరు వెళ్ళొచ్చు. రాయకపోతే ఇంక ఎవరూ వెళ్ళరు."

ఆయన నవ్వు ఆగిపోయింది. నీళ్ళలో బుడగ కనిపించిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు.

"అంత బరువు దాని నెత్తిన పెట్టారా మేడమ్?" అన్నాడు. తర్వాత, "సరే, సరుకు ఆదివారం తెచ్చుకుంటాలెండి," అన్నాడు.

ఆ వారమంతా గొణుగుడు బడి వదిలాక టీచరు ఇంటికే వచ్చింది. ఒకటే గది, వెనక వంటిల్లు. ముందు గదిలో సగం టీచరు తల్లి ఇస్త్రీ బల్ల, బల్ల పక్కన ఇళ్ళవాళ్ళు పంపిన బట్టల మూటలు. మిగిలిన సగంలో చాప వేసి టీచరు పాఠం చెప్పేది. ఈ ఇస్త్రీ బల్ల పక్కనే కూర్చుని ఆమె కూడా డిగ్రీ దాకా చదివింది. ఇంట్లో అంతదాకా వెళ్ళింది ఆమె ఒక్కతే. తల్లి ఆ సంగతి గొప్పగా చెప్పదు. "దీని పుస్తకాలకి కూడా ఇస్త్రీ చేశాను, నలిగిపోయేవి" అని మాత్రం అంటుంది.

"ఇందులోంచి దీన్ని తీసేస్తే..." అని గొణుగుడు మొదలుపెట్టేది.

"తీసెయ్ తీసెయ్," అనేది తల్లి, కాలరు మీద ఇస్త్రీ పెట్టె నొక్కుతూ.

"మిగిలింది రెండింతలవ్వాలి..."

"ఎందుకవ్వదు, అవుతుంది."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"పాపం ఒక్కతే మాట్లాడుకుంటోంది కదే, మాటసాయం చేస్తున్నాను. నువ్వు మధ్యలో ఎందుకు?"

భిన్నాలు అయ్యాయి, వైశాల్యాలు అయ్యాయి. వయసుల లెక్కలు, పనివాళ్ళ లెక్కలు, తొట్టి నిండే లెక్కలు అన్నీ అయ్యాయి. శుక్రవారం సాయంత్రానికి టీచరుకి గుండె నిబ్బరపడింది. ఈ పిల్ల సగటు దాటుతుంది. దాటడమేంటి, కప్పుల మాస్టారు నోట మాట రాకుండా చేస్తుంది. అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఆమె అన్నం తింది.

పోటీ పక్క వీధిలో ఉన్న పెద్ద స్కూల్లో. హాలు బయట వరండాలో తల్లిదండ్రులు, టీచర్లు కిటికీల కింద గుంపులుగా కూర్చున్నారు. కప్పుల మాస్టారు తన పిల్లలకి చివరి మాట చెబుతున్నాడు. "ముందు కాగితమంతా చూడండి. తెలిసినవి గీకెయ్యండి. 'చూపించండి', 'నిరూపించండి' అని కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి, అది టైము తినే దయ్యం. అర్థమైందా?" అందరూ తలలూపారు. గొణుగుడు ఆ గుంపులో లేదు. టీచరు దాన్ని పక్కకి తీసుకెళ్ళి నీళ్ళు తాగిస్తోంది.

పరీక్ష మొదలయ్యాక టీచరు కిటికీ దగ్గరే నిలబడింది. గొణుగుడు బల్ల మీదికి వంగి చకచకా రాస్తోంది. పెదాలు ఆడుతున్నాయి. కాపలా ఉన్న మనిషి వచ్చి బల్ల మీద వేలితో తట్టి నోటి మీద వేలు పెట్టి చూపించాడు. గొణుగుడు ఎడం చేత్తో నోరు మూసుకుని కుడిచేత్తో రాసింది.

తర్వాత రాయడం ఆపేసింది.

టీచరు మునివేళ్ళ మీద లేచి చూసింది. ఆ పిల్ల కాగితం వైపు చూడ్డం లేదు. పైకప్పు వైపు చూస్తోంది. కాసేపటికి తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ఊపింది. విడిచిపెట్టింది. మళ్ళీ ఊపింది. పక్క పిల్లలు కాగితాలు తిప్పుతున్నారు. ఈ పిల్ల కాగితం మాత్రం కదల్లేదు.

"రాయవే," అంది టీచరు, తనలో తాను. "రాయవే తల్లీ."

"ఏమ్మా, నీకూ గొణగడం వచ్చిందా?" అన్నాడు వెనకనుంచి కప్పుల మాస్టారు.

గంట కొట్టారు. పిల్లలు పంజరం తలుపు తీసినట్టు బయటికి వచ్చారు. ఏ సెక్షన్ కళ్ళజోడు పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చింది. "మూడోది ఒక్కటే వదిలేశాను సార్, 'చూపించండి' అని ఉంది."

"శభాష్! అదీ తెలివంటే."

గొణుగుడు అందరికన్నా ఆఖర్న వచ్చింది.

"ఎన్ని చేశావే?"

"రెండు టీచర్."

"రెండు తప్పాయా?"

"కాదు టీచర్. రెండే చేశాను. మూడోది రాలేదు. గంట కొట్టేశారు."

"తక్కినవి?"

"చూళ్ళేదు."

"చూళ్ళేదా? అసలు చూడనే లేదా? ఎందుకు?"

"మూడోది అవ్వలేదు కదా టీచర్," అంది గొణుగుడు, ఇంతకన్నా కారణం ఇంకేముంటుందన్నట్టు.

వరండాలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వింది కప్పుల మాస్టారు కాదు. ఆయన జాలిగా చూశాడు. అది ఇంకా మంటెత్తించింది. టీచరు ఆ పిల్ల రెక్క పట్టుకుని గేటు దాటించింది. వీధిలో నడుస్తుంటే ఆమె గొంతు ఆమె చెప్పుచేతల్లో లేదు.

"రానిదాన్ని వదిలేసి ముందుకి పోవాలని తెలీదా? ఆ మాత్రం బుర్ర లేదా? తక్కినవన్నీ నీకు వచ్చినవే ఉంటాయి కదే! నువ్వొక్కదానివి మొండికేసినందుకు మొత్తం సెక్షన్‌కే తలుపు మూసుకుపోయింది, తెలుసా?"

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. పెదాలు మాత్రం ఆగిపోయాయి. ఆ పెదాలు కదలకుండా ఉండడం టీచరు అదే మొదటిసారి చూడటం.

ఆ పిల్ల వాళ్ళ సందు మలుపు దాకా ఇద్దరూ నడిచారు. పిల్ల వెళ్ళిపోయింది. ఒంటరిగా మిగిలాక టీచరుకి అప్పుడు తట్టింది. వారమంతా ఆ పిల్లకి అన్నీ నేర్పింది. లెక్కని వదిలెయ్యొచ్చని మాత్రం నేర్పలేదు. నేర్పకపోగా, వదలకూడదని ఏడాది పొడుగునా బోర్డు మూల గీత గీసి మరీ నేర్పింది. ఏ సెక్షన్ పిల్లలెవరూ చచ్చినా చెయ్యని తప్పు అది. తన క్లాసు పిల్లలు మాత్రమే చేస్తారు.

"ఏమైంది?" అంది తల్లి, ఇంట్లో అడుగుపెట్టిన టీచరు మొహం చూసి.

"ఏమీ అవ్వలేదు."

"అదే, ఏమీ అవ్వకపోతే ఈ మొహమేంటి? చెప్పు."

చెప్పింది. తల్లి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, విన్నంతసేపూ చొక్కా బొత్తాలు పెడుతూనే ఉంది. "దాన్ని తిట్టావా?"

"తిట్టాను."

"నిన్ను?"

టీచరు వెళ్ళి మొహం కడుక్కుంది. ఆదివారమంతా ఇంట్లో వస్తువులు పెట్టే చోట పెట్టకుండా, తీసే చోట తియ్యకుండా గడిపింది. కోపం ఒక చోట నిలవలేదు. కాసేపు హెడ్మాస్టరు మీద, కాసేపు ఆ సగటు మీద, ఎక్కువసేపు తన మీద. పంక్చర్ల షాపు దాకా వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడి వద్దామని చెప్పులు వేసుకుంది. ఏమని మాట్లాడాలో తెలియక విప్పేసింది.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు పిలిచాడు. కప్పుల మాస్టారు అక్కడే ఉన్నాడు.

"కళ్ళజోడు అమ్మాయికి మొదటి బహుమతి," అన్నాడు హెడ్మాస్టరు. "స్కూలు కప్పు మాత్రం పోయింది. వెంట్రుకవాసిలో పోయింది."

"గవదబిళ్ళలవాడు వచ్చి ఉంటేనా..." అని కప్పుల మాస్టారు నిట్టూర్చాడు.

"మీ అమ్మాయి చేసిన రెండూ తప్పు లేకుండా చేసింది, అది ఒప్పుకుంటాను. కానీ తక్కినదంతా తెల్లకాగితమే కదమ్మా. మాట గుర్తుందిగా?"

"గుర్తుంది సార్."

"మరి పిల్లలకి నువ్వే చెప్పు. ఆశ పెట్టుకుని కూర్చుంటారు."

ఆమె మెట్లు దిగింది. ఎలా చెప్పాలో మాటలు కూడదీసుకుంటూ వరండా పొడుగునా నడిచింది. 'మన సెక్షన్ నుంచి ఇంక ఎవరూ...' అక్కడిదాకా వచ్చి వాక్యం తెగిపోతోంది. మళ్ళీ మొదలుపెడుతోంది. అంతలో తన క్లాసులోంచి సంతలో ఉన్నంత గోల వినిపించింది.

గుమ్మంలో ఆగిపోయింది. బెంచీలన్నీ గోడకి నెట్టేసి ఉన్నాయి. పిల్లలు గది మధ్యలో తిరుగుతూ కనిపించినవాళ్ళకల్లా షేక్‌హ్యాండ్లు ఇచ్చుకుంటున్నారు. చివరి బెంచీవాడు కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు.

"బేసి వాళ్ళు కిటికీ వైపు! సరి వాళ్ళు గోడ వైపు! ఒరేయ్, నువ్వు ఇప్పుడే ఇంకోటి ఇచ్చావు, అటు పోరా!"

బోర్డు మూల గీతల పెట్టెలో గొణుగుడు చేతిరాత ఉంది. 'ఒక సభకి కొందరు వచ్చారు. వాళ్ళలో కొందరు కొందరికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. బేసి సార్లు ఇచ్చినవాళ్ళు ఎప్పుడు లెక్కపెట్టినా సరిసంఖ్యలోనే ఉంటారని చూపించండి.'

మూడో లెక్క. దాని పక్కన నిలబడి గొణుగుడు కిటికీ వైపు వాళ్ళని లెక్కపెడుతోంది, పెదాలు కదుపుతూ.

"ఎనిమిది," అంది. "మళ్ళీ సరే!"

"మళ్ళీ ఇవ్వండి, మళ్ళీ ఇవ్వండి!" అని అరుపులు. ఆ గుంపులో కళ్ళజోడు పిల్ల కూడా ఉంది. ఇంకో ఇద్దరు ఏ సెక్షన్ వాళ్ళూ ఉన్నారు. టీచర్ని చూసి కళ్ళజోడు పిల్ల తడబడింది.

"సారీ టీచర్. పరీక్షలో దీన్ని నేను వదిలేశాను గానీ, రెండు రోజులనుంచి ఇది నన్ను వదల్లేదు. గొణుగుడికి వచ్చిందని చెప్తే వచ్చాను."

టీచరు గొణుగుడు వైపు చూసింది. ఆ పిల్ల చూపు దించేసుకుంది. ఏమీ జరగనట్టు మాట్లాడటానికి ఇద్దరికీ సిగ్గుగానే ఉంది. "ఎప్పుడు వచ్చింది?" అంది టీచరు.

"నిన్న, షాపులో కూర్చుంటే తట్టింది టీచర్."

"నా దగ్గరికి రాలేకపోయావా?"

ఎందుకు రాలేదో ఇద్దరికీ తెలుసు. "తప్పు నాది," అంది టీచరు, నెమ్మదిగానే, కానీ ముందు వరస వాళ్ళకి వినిపించేలా. "వదిలెయ్యొచ్చని నేను నీకు చెప్పి ఉండాల్సింది."

"ఈ పిల్లలు ఇక్కడున్నారా!" కప్పుల మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. "క్లాసు మొదలైంది, పదండి పదండి." ఆ మాట పూర్తవకుండానే ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"సార్, మీరు బేసి! కిటికీ వైపు!"

"ఏయ్, ఏంటిది?" అంటూనే ఆయన బోర్డు చదివాడు. చదివి, కదలకుండా నిలబడ్డాడు. ఇంకో పిల్ల ఆయన చెయ్యి ఊపింది. ఆయన గోడ వైపు జరిగాడు, ఎవరూ చెప్పకుండానే. జరిగి, మెడ సాచి కిటికీ వైపు తనే లెక్కపెట్టాడు.

గోల హెడ్మాస్టరు దాకా వెళ్ళింది. ఆయన వచ్చేసరికి పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పక్కకి నెట్టేసిన బెంచీలు చూశాడు, గోడకి అతుక్కుని నిలబడ్డ కప్పుల మాస్టార్ని చూశాడు, ఆఖరికి టీచర్ని చూశాడు.

"చెప్పమన్నది చెప్పావా?"

"ఇంకా లేదు సార్."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. "ఇది ఆ పరీక్షలోదేనా? ఎందుకు ఎప్పుడూ సరే వస్తుంది?"

గొణుగుడు ముందు తనలో తాను ఏదో అనుకుంది. తర్వాత గొంతు పెంచింది. "మొదట ఎవరూ ఇవ్వరు కదా సార్, అప్పుడు బేసి వాళ్ళు సున్నా. ఒక్క షేక్‌హ్యాండ్ ఇస్తే ఇద్దరు మారతారు, ఒక్కరే మారడం ఉండదు. ఇద్దరు సరి వాళ్ళు ఇచ్చుకుంటే కిటికీ వైపుకి ఇద్దరు పోతారు. ఇద్దరు బేసి వాళ్ళు ఇచ్చుకుంటే ఇద్దరు వచ్చేస్తారు. ఒకరు ఇటు, ఒకరు అటు అయితే చోట్లు మార్చుకుంటారంతే. ఇంక బేసి ఎలా అవుతుంది సార్?"

హెడ్మాస్టరు పెదాలు కూడా కాస్త కదిలాయి. "నిజమే," అన్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు, "ఇదంతా పరీక్షలో రాశావా?" అన్నాడు.

"లేదు సార్. పరీక్ష అయిపోయాక వచ్చింది."

"మరి ఏం లాభం?"

గొణుగుడు చేతులు కట్టుకుని నిలబడింది. టీచరు నోరు తెరిచింది. అంతలో కుర్చీ మీదనుంచి చివరి బెంచీవాడు, దిగడం కూడా మర్చిపోయి, "అదేంటి సార్, ఇప్పుడు మా అందరికీ వచ్చింది కదా!" అన్నాడు.

వాడు వాదించడానికి అన్న మాట కాదు. కళ్ళెదుట ఉన్నది ఈయనకి ఎందుకు కనిపించడం లేదా అని ఆశ్చర్యపోయి అన్న మాట. హెడ్మాస్టరు వాడి వైపు, ఆ తర్వాత కిటికీ వైపు వరసలో కలిసిపోయి నిలబడ్డ రెండు సెక్షన్ల పిల్లల వైపు చూశాడు.

"మాస్టారూ," అన్నాడు చివరికి, "ఈ పీరియడ్‌కి మీ పిల్లలు ఇక్కడ కూర్చుంటే మీకేమైనా ఇబ్బందా?"

"నేనూ కూర్చుంటాను సార్," అన్నాడు కప్పుల మాస్టారు, గోడ దగ్గరనుంచి కదలకుండా.

"అంతమందికి చోటుందా అమ్మా?"

"సర్దుకుంటాం సార్," అంది టీచరు. చెప్పాల్సింది ఇంకా గొంతులోనే ఉంది. దాన్ని దాచుకోవడం ఆమెకి చేతకాదు. "మీరు చెప్పమన్నది పిల్లలకి ఇప్పుడే చెప్పెయ్యమంటారా?"

ఆయన గుమ్మం దగ్గర ఆగి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కాదనాల్సినదాన్ని ఆయన ఎప్పుడూ మొహం మీదే కాదంటాడు, నాన్చే అలవాటు లేదు. అలాంటి మనిషి ఎటూ చూడకుండా అన్నాడు.

"వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాంలేమ్మా. ముందు సగటుని పక్కన పెట్టి, ఎవర్ని పంపాలో మీ ఇద్దరూ కలిసి కూర్చుని ఆలోచించండి."

ఆయన వెళ్ళిపోయాడు. టీచరు వారం రోజులుగా ఏ మాట కోసం కాలిపోయిందో ఆ మాట ఇంత మామూలుగా, చెమట తుడుచుకుంటూ వచ్చేసింది. అది ముందుగా ఎవరికి చెప్పాలో ఆమెకి తెలుసు. "విన్నావా?" అంటూ బోర్డు వైపు తిరిగింది.

గొణుగుడు వినలేదు. కళ్ళజోడు పిల్ల జేబులోంచి ప్రశ్నపత్రం తీసి మడత విప్పింది. గొణుగుడు పెట్టెలోని లెక్క చెరిపేసి నాలుగోది ఎక్కిస్తోంది. రాస్తూనే పెదాలు కదుపుతోంది, పక్కన కళ్ళజోడు పిల్ల పెదాలూ ఆ వెనకే కదులుతున్నాయి. పిల్లలు బెంచీలు ఈడుస్తూ జరగండి, జరగండి అంటున్నారు.

టీచరు మళ్ళీ పిలవబోయి ఊరుకుంది. ఖాళీ ఉన్న బెంచీ చివర, పిల్లల పక్కన కూర్చుని, తనూ నాలుగో లెక్క చదవడం మొదలుపెట్టింది.